గెమాట్రియా: హీబ్రూ మాటల్లో అంకెలు వెతికేవాళ్లు ఏ పద్ధతి ఎంచుకోవాలి?

హీబ్రూలో అక్షరాలనే అంకెలుగా వాడే అలవాటు రెండు వేల ఏళ్లకు పైబడినది. యూదుల క్యాలెండర్లో సంవత్సరాన్ని ఇప్పటికీ అక్షరాలతోనే రాస్తారు. 2025 సెప్టెంబరులో మొదలైన 5786వ సంవత్సరాన్ని వేలు వదిలేసి తౌ, షీన్, పే, వావ్ అని నాలుగు అక్షరాల్లో తేల్చేస్తారు: 400, 300, 80, 6. అక్షరమే అంకె అయినప్పుడు ప్రతి మాటకూ ఒక మొత్తం ఉన్నట్టే. రెండు మాటల మొత్తం ఒకటే అయితే వాటి మధ్య ఏదో సంబంధం ఉందని చూసే పద్ధతికి గెమాట్రియా అని పేరు.

లెక్క ఒకటే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. ఇంటర్నెట్‌లో ఏ గెమాట్రియా కాలిక్యులేటర్ తెరిచినా ఒక మాటకు అరడజను సమాధానాలు వస్తాయి. మామూలు విలువ, పెద్ద విలువ, చిన్న విలువ, వరస సంఖ్య, తలకిందుల అక్షరమాల... ఏది నమ్మాలి? పాస్టర్‌గారి ప్రసంగంలో విన్న లెక్క సరైనదేనా? ప్రకటన గ్రంథంలోని 666 సంగతేంటి? ఇలాంటి అనుమానాలున్నవాళ్ల కోసం ఈ పోలిక.

ముందు అక్షరాలు

తెలుగు బైబిల్ చదివేవాళ్లకు ఈ పేర్లు కొత్త కాదు. 119వ కీర్తనలో ఎనిమిదేసి వచనాలకు పైన కనిపించేవి ఇవే. 22 అక్షరాలు, ఒక్కోదానికి 8 వచనాలు, మొత్తం 176.

| ఒకట్లు | పదులు | వందలు |
|---|---|---|
| ఆలెఫ్ 1 | యోద్ 10 | ఖొఫ్ 100 |
| బేత్ 2 | కఫ్ 20 | రేష్ 200 |
| గీమెల్ 3 | లామెద్ 30 | షీన్ 300 |
| దాలెత్ 4 | మేమ్ 40 | తౌ 400 |
| హే 5 | నూన్ 50 | |
| వావ్ 6 | సామెహ్ 60 | |
| జాయిన్ 7 | అయిన్ 70 | |
| హేత్ 8 | పే 80 | |
| తేత్ 9 | సాదె 90 | |

ఒక జాగ్రత్త. తెలుగులో రాసిన ఉచ్చారణ చూసి లెక్క వేయకండి. మన చెవికి ‘క’ అని వినిపించేది కఫ్ కావచ్చు (20), ఖొఫ్ కావచ్చు (100). ‘త’ అంటే తేత్ అయితే 9, తౌ అయితే 400. మొదట్లో ‘అ’ వినిపిస్తే అది ఆలెఫో అయినో చూసుకోవాలి, 1కీ 70కీ చాలా తేడా. మూలంలో ఏ అక్షరం ఉందో చూడకుండా వేసిన లెక్క మొదట్లోనే తప్పుతుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి?

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: ఆ అంకెను రాసినవాడు పెట్టాడా, చదివేవాడు వెతుక్కున్నాడా? కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది పద్ధతి ప్రకారం ‘మేచకల్యాణి’లో మ అంటే 5, చ అంటే 6, తిరగేస్తే 65. అది 65వ మేళకర్త. కల్యాణి ముందు ‘మేచ’ చేర్చింది ఆ అంకె కోసమే. శంకరాభరణానికి ముందు ‘ధీర’ వచ్చిందీ 29 కోసమే. అక్కడ అంకె దాచినవాడు ఉన్నాడు, తాళంచెవీ ఇచ్చాడు. హీబ్రూ మాటల్లో అలాంటి రుజువు దొరికే చోట్లు చాలా తక్కువ. మిగతాదంతా చదివేవాళ్ల వెతుకులాటే. అందులో తప్పేమీ లేదు, కానీ రెంటినీ కలిపేయకూడదు.

రెండోది, పద్ధతిలో ఎంత సందు ఉంది? అంటే ఎన్నిచోట్ల మీ ఇష్టప్రకారం మార్చుకోవచ్చు? ఎంత సందు ఉంటే కుదిరిన లెక్కకు అంత విలువ తగ్గుతుంది. మూడోది, స్పెల్లింగ్ మీద ఎంత ఆధారపడుతుంది? హీబ్రూలో ఒకే మాటను వావ్, యోద్ పెట్టి నిండుగానూ రాయొచ్చు, అవి తీసేసి పొట్టిగానూ రాయొచ్చు. నాలుగోది, హీబ్రూ రానివాళ్లు కాగితం మీద చేసుకోగలరా అన్నది. ఇది చిన్న విషయమే.

నాలుగు మాటలతో ఒక పరీక్ష

షాలోమ్ అంటే శాంతి: షీన్, లామెద్, వావ్, మేమ్. ఏశావు, తమ్ముడు యాకోబును చంపాలనుకున్న అన్న: అయిన్, షీన్, వావ్. నహాష్ అంటే పాము: నూన్, హేత్, షీన్. మషియహ్ అంటే మెస్సీయ: మేమ్, షీన్, యోద్, హేత్. వీటిని నాలుగు పద్ధతుల్లో కూడితే ఇలా వస్తుంది.

| మాట | మామూలు విలువ | పెద్ద విలువ | వరస సంఖ్య | చిన్న విలువ |
|---|---|---|---|---|
| షాలోమ్ (శాంతి) | 376 | 936 | 52 | 16 |
| ఏశావు | 376 | 376 | 43 | 16 |
| నహాష్ (పాము) | 358 | 358 | 43 | 16 |
| మషియహ్ (మెస్సీయ) | 358 | 358 | 52 | 16 |

మామూలు లెక్కలో శాంతికి జోడీ ఏశావు, మెస్సీయకు జోడీ పాము. వినడానికి వింతగా ఉన్నా దీనికీ వ్యాఖ్యానం సిద్ధం: పాము చేసిన చెరుపును సరిచేసేవాడు మెస్సీయ, అందుకే ఇద్దరికీ ఒకే అంకె. వరస సంఖ్యకు మారితే జోడీలు తారుమారు. ఇప్పుడు శాంతి మెస్సీయతో చేరింది, ఏశావు పాముతో చేరాడు. ఇది ఇంకా చక్కగా అతికినట్టు అనిపిస్తుంది కదా! చిన్న విలువకొస్తే నలుగురూ ఒకటే, 16. పెద్ద విలువలో షాలోమ్ అందరినీ వదిలి 936కు పోయింది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. రెండు మాటల అర్థాలు కలిస్తే ‘చూశారా, పోలిక’ అంటాం. విరుద్ధంగా ఉంటే ‘చూశారా, ఒకటి రెండోదానికి విరుగుడు’ అంటాం. ఏ జోడీ వచ్చినా కథ రెడీ. అందుకే పద్ధతిని ముందే ఎంచుకుని, తర్వాత లెక్క వేయాలి. లెక్క చూశాక పద్ధతి ఎంచుకుంటే మీకు కావలసిందే దొరుకుతుంది.

మామూలు విలువ (మిస్పర్ హెఖ్రెహి)

పైన ఇచ్చిన పట్టికతో నేరుగా కూడడమే. పాత యూదు మత గ్రంథాలైన తల్మూద్, మిద్రాష్‌లలో కనిపించే గెమాట్రియాలో ఎక్కువ భాగం ఇదే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు దీంతోనే మొదలుపెట్టాలి.

బాగా తెలిసిన ఉదాహరణ ఆదికాండం 14:14. అబ్రాము తన ఇంటివాళ్లు 318 మందిని తీసుకుని యుద్ధానికి వెళ్లాడని ఉంది. అతని సేవకుడి పేరు ఎలీయెజెరు: ఆలెఫ్ 1, లామెద్ 30, యోద్ 10, అయిన్ 70, జాయిన్ 7, రేష్ 200. మొత్తం 318. కాబట్టి వెళ్లింది 318 మంది కాదు, ఎలీయెజెరు ఒక్కడేనని తల్మూద్‌లో ఒక మాట ఉంది. 12వ శతాబ్దపు వ్యాఖ్యాత ఇబ్న్ ఎజ్రా దీన్ని ఒప్పుకోలేదు. లేఖనం గెమాట్రియాలో మాట్లాడదు, ఇలా అయితే ఎవరి పేరునైనా మంచికో చెడుకో తిప్పుకోవచ్చు అన్నాడు. అంటే ఈ అనుమానం ఈనాటి హేతువాదులది కాదు, సంప్రదాయం లోపలిదే.

స్పెల్లింగ్ ఎంత ఇబ్బంది పెడుతుందో కుచ్చుల లెక్కలో కనిపిస్తుంది. సంఖ్యాకాండం 15లో బట్టల అంచులకు పెట్టుకోమన్న కుచ్చుల పేరు సీసిత్. సాదె, యోద్, సాదె, యోద్, తౌ కలిపితే 600. దానికి 8 పోగులు, 5 ముడులు కలిపితే 613, తోరాలోని (మోషే ఐదు గ్రంథాల్లోని) ఆజ్ఞల సంఖ్య. చాలా అందమైన లెక్క. అయితే 13వ శతాబ్దంలో రంబాన్ అనే వ్యాఖ్యాత దీనికి అడ్డుచెప్పాడు: తోరాలో ఆ మాట రెండో యోద్ లేకుండానే రాసి ఉంది, కాబట్టి మొత్తం 590 మాత్రమే. ఒక్క అక్షరం పోతే లెక్క పోయింది.

మరో సందు ‘కోలెల్’. లెక్క ఒక్కటి తగ్గితే మాటను కూడా ఒకటిగా లెక్కపెట్టి 1 కలుపుకోవచ్చు అనే వెసులుబాటు అది. నేనైతే కోలెల్ వాడిన లెక్కను సగానికి సగం తగ్గించే చూస్తాను.

అయినా ఈ పద్ధతిలోనే ఎప్పటికీ గుర్తుండే లెక్కలున్నాయి. అహవా (ప్రేమ) 13, ఎహాద్ (ఒకటి) 13, రెండూ కలిపితే 26. దేవుడి నాలుగక్షరాల పేరు యోద్, హే, వావ్, హే కూడా 26. యాయిన్ (ద్రాక్షారసం) 70, సోద్ (రహస్యం) 70. ‘ద్రాక్షారసం లోపలికి వెళ్తే రహస్యం బయటికి వస్తుంది’ అని తల్మూద్ చమత్కరిస్తుంది. దీనికి రుజువు అడిగేవాడు ఉండడు, అనుభవం చాలు.

పెద్ద, చిన్న, వరస విలువలు

కఫ్, మేమ్, నూన్, పే, సాదె అనే ఐదు అక్షరాలకు మాట చివర వేరే రూపం ఉంటుంది. ఆ రూపాలకు 500 నుంచి 900 దాకా విలువ ఇస్తే అది పెద్ద విలువ, మిస్పర్ గదోల్. కొత్తగా నేర్చుకునేవాళ్లకు దీంతో పనిలేదు. ఎవరైనా లెక్క చెప్పినప్పుడు చివరి మేమ్‌ను 40 అన్నారా 600 అన్నారా అని అడగడం మాత్రం మరవకండి.

వరస సంఖ్య, మిస్పర్ సిదూరి, అంటే ఆలెఫ్ 1 నుంచి తౌ 22 దాకా. సులువైనదే, కానీ మొత్తాలు చిన్నవి కాబట్టి మాటలు ఎక్కువగా ఢీకొంటాయి.

చిన్న విలువ, మిస్పర్ కటాన్, సున్నాలు తీసేసి ఒక్క అంకెతో లెక్క వేస్తుంది. పది, వంద రెండూ ఒకటే. పైన నలుగురూ 16 దగ్గర కలిశారంటే ఆశ్చర్యం లేదు. హీబ్రూ బైబిల్లో మూలపదాలు 8 వేల పైచిలుకు ఉంటాయి. వాటన్నిటినీ ఇంత తక్కువ అంకెల్లో సర్దితే ప్రతి మాటకూ వందల్లో చుట్టాలు దొరుకుతారు. ఎవరైనా ప్రసంగంలో దీన్ని రుజువుగా చూపిస్తే మర్యాదగా విని వదిలేయండి.

అక్షరం పేరును కూడా విప్పి రాస్తే (మిల్లుయ్)

యోద్ అనే అక్షరాన్ని ‘యోద్, వావ్, దాలెత్’ అని పూర్తి పేరుతో రాసి కూడితే 20. ఇలా దేవుడి నాలుగక్షరాల పేరును విప్పితే హే, వావ్‌ల స్పెల్లింగ్‌ను బట్టి 72, 63, 45, 52 అని నాలుగు మొత్తాలు వస్తాయి. 16వ శతాబ్దంలో సఫేద్ పట్టణంలో ఇసాక్ లూరియా శిష్యుల కబ్బాలాలో (యూదుల మార్మిక విద్యలో) ఈ నాలుగింటికీ పెద్ద స్థానం ఉంది. 45 అంటే ఆదాము కూడా: ఆలెఫ్ 1, దాలెత్ 4, మేమ్ 40. ధ్యానం కోసం, కబ్బాలా చదువు కోసం అయితే ఇది తప్పదు. అందుకు గురువు కావాలి. మిగతావాళ్లు పేరు విని ఊరుకోవచ్చు.

అత్‌బష్: కూడిక లేని మార్పిడి

మొదటి అక్షరం బదులు చివరిది, రెండోదాని బదులు చివరి నుంచి రెండోది. ఆలెఫ్‌కు తౌ, బేత్‌కు షీన్. పేరు కూడా అందులోంచే వచ్చింది. నిజానికి ఇది లెక్క కాదు, సంకేతలిపి. కానీ ‘రాసినవాడే పెట్టాడు’ అని ధైర్యంగా చెప్పగలిగే ఉదాహరణ ఇక్కడే ఉంది.

యిర్మీయా 25:26లో ‘షేషకు రాజు’ అని వస్తుంది. షేషకు అనే దేశం ఎక్కడా లేదు. అక్షరాలు షీన్, షీన్, కఫ్. అత్‌బష్‌లో తిప్పితే బేత్, బేత్, లామెద్, అంటే బాబెల్, మన బైబిల్లో బబులోను. ఊహేమో అనుకుంటే యిర్మీయా 51:41 చూడండి. ఒకే వచనంలో ఒకవైపు షేషకు, మరోవైపు బబులోను ఒకదానికొకటి జవాబుగా నిలబడి ఉన్నాయి. తాళంచెవి పక్కనే పెట్టి వెళ్లాడన్నమాట.

నోటరికోన్

మాటలోని ఒక్కో అక్షరం ఒక్కో మాటకు మొదటి అక్షరం అనుకోవడం. రాషీ, రంబాన్ లాంటి పండితుల పేర్లు, తనాఖ్ (హీబ్రూ బైబిల్) అనే గ్రంథం పేరు ఇలా పుట్టినవే. పది ఆజ్ఞల్లో మొదటి మాట ‘అనోఖి’ (నేను)ని నాలుగు అరమాయిక్ మాటలుగా విప్పి ‘నేనే స్వయంగా రాసి ఇచ్చాను’ అని తల్మూద్ చెబుతుంది. బోధించడానికి, గుర్తుపెట్టుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. రుజువుగా మాత్రం పనికిరాదు, ఏ అక్షరానికి ఏ మాట అన్నది పూర్తిగా చెప్పేవాడి ఇష్టం.

సమాన దూరాల ‘బైబిల్ కోడ్’

ఆదికాండంలోని 78,064 అక్షరాలను ఖాళీలు లేకుండా వరసగా పేర్చి, ప్రతి ఏడో అక్షరమో యాభయ్యో అక్షరమో ఏరుతూ మాటలు వెతకడం ఇది. 1994లో విట్జ్‌టమ్, రిప్స్, రోజెన్‌బర్గ్ అనే ముగ్గురు ఒక గణాంకశాస్త్ర పత్రికలో వ్యాసం రాశారు. ప్రసిద్ధ రబ్బీల పేర్లు, వాళ్ల పుట్టిన లేదా పోయిన తేదీలు ఆదికాండంలో దగ్గరదగ్గరగా ఉన్నాయన్నారు. ప్రపంచమంతా హడావిడి జరిగింది. 1999లో అదే పత్రికలో మెకే, బార్-నాటన్, బార్-హిల్లెల్, కలాయ్ జవాబిచ్చారు. పేర్ల స్పెల్లింగ్‌ను కొంచెం అటూఇటూ ఎంచుకుంటే టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’ హీబ్రూ అనువాదంలోనూ అలాంటి ఫలితమే వస్తుందని చూపించారు.

ఈ జాబితాలో నేను పూర్తిగా వద్దని చెప్పేది దీన్నొక్కదాన్నే. దూరం మీ ఇష్టం, మొదలు మీ ఇష్టం, దిశ మీ ఇష్టం. సాఫ్ట్‌వేర్ ఉంటే సాయంత్రానికల్లా ఏదో ఒకటి దొరుకుతుంది.

పక్కపక్కన పెడితే

| పద్ధతి | సందు ఎంత | ఎవరికి |
|---|---|---|
| మామూలు విలువ | తక్కువ (స్పెల్లింగ్, కోలెల్ చూసుకోవాలి) | అందరికీ |
| పెద్ద విలువ | తక్కువ | పాత వ్యాఖ్యానాలు చదివేవాళ్లకు |
| వరస, చిన్న విలువ | ఎక్కువ | సరదాకు |
| మిల్లుయ్ | మధ్యస్థం | కబ్బాలా విద్యార్థులకు |
| అత్‌బష్ | చాలా తక్కువ | బైబిల్ పాఠం లోతుగా చదివేవాళ్లకు |
| నోటరికోన్ | చాలా ఎక్కువ | బోధకులకు, గుర్తుకోసం |
| సమాన దూరాలు | అంతులేదు | ఎవరికీ వద్దు |

మీరు ఎవరు?

*సంఘంలో వాక్యం చెప్పేవాళ్లు, వినేవాళ్లు.* మీకు ఎదురయ్యేది ముఖ్యంగా 666. ప్రకటన 13:18లో ‘లెక్కించండి’ అని రచయితే అంటున్నాడు కాబట్టి ఇక్కడ అంకె పెట్టినవాడు ఉన్నాడు. చాలామంది పండితులు చెప్పే జవాబు నీరో చక్రవర్తి. ‘నెరోన్ కెసర్’ను హీబ్రూ అక్షరాల్లో రాస్తే నూన్ 50, రేష్ 200, వావ్ 6, నూన్ 50, ఖొఫ్ 100, సామెహ్ 60, రేష్ 200, మొత్తం 666. కొన్ని పాత ప్రతుల్లో 616 అని ఉంది. చివరి నూన్ తీసి ‘నెరో’ అంటే సరిగ్గా అంతే వస్తుంది. దీనికీ బలహీనత ఉంది: ‘కెసర్’ను యోద్‌తో రాస్తే 676 అవుతుంది. అయితే యోద్ లేని స్పెల్లింగ్ మృత సముద్రం దగ్గర ‘వాడి మురబ్బాత్’ అనే లోయలో దొరికిన నీరో కాలపు పత్రంలో కనిపించింది. పద్ధతి మామూలు విలువే. ఇంగ్లిష్ అక్షరాలకు ఆరేసి చొప్పున విలువ కట్టి ఈనాటి నాయకుల పేర్లు తేల్చే వీడియోలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

*యూదు మిత్రుల ఇంట్లో శుభకార్యానికి వెళ్లేవాళ్లు.* అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది తరచూ వచ్చే సందర్భమే. ‘హాయ్’ (సజీవం) అంటే హేత్ 8, యోద్ 10, మొత్తం 18. అందుకే కానుక 18, 36, 180 ఇలా 18 గుణిజాల్లో ఇస్తారు. మనకు నూటపదహార్లు ఎలాగో వాళ్లకిది అలాగ. ఒక్క లెక్క తెలిస్తే చాలు, మిగతా పద్ధతులేవీ అక్కర్లేదు.

*లెక్కలంటే సరదా ఉన్నవాళ్లు.* మామూలు విలువ, అత్‌బష్ రెండూ నేర్చుకోండి. పదిహేను, పదహారు అంకెలను యూదులు యోద్-హే, యోద్-వావ్ అని ఎందుకు రాయరో కనుక్కోవడంతో మొదలుపెట్టొచ్చు. అవి దేవుడి పేరులోని అక్షరాలు కాబట్టి తేత్-వావ్ (9+6), తేత్-జాయిన్ (9+7) అని రాస్తారు.

*భక్తితో చదివేవాళ్లు.* యూదు సూక్తుల గ్రంథం పిర్కే అవోత్‌లో రబ్బీ ఎలీయెజెర్ బెన్ హిస్మా గెమాట్రియాను జ్ఞానానికి పక్కన నంజుకునేది లాంటిదన్నాడు. ముందు వచనానికి నేరుగా ఉన్న అర్థం పట్టుకుని, ఆ తర్వాత ఈ లెక్కలు వడ్డించుకుంటే చిక్కులేదు.

*పేరుకు బలం ఉందో లేదో చూడాలనుకునేవాళ్లు.* న్యూమరాలజీ చెప్పిందని పేరులో ఒక ‘ఎ’ ఎక్కువ పెట్టుకునే అలవాటు మన దగ్గర ఉంది. ఇప్పుడు హీబ్రూలోనూ చూపించుకుందామనే టెన్షన్ కొందరికి. గెమాట్రియాలో పాఠం స్పెల్లింగ్ ముందే స్థిరంగా ఉంటుంది, అంకె తర్వాత వస్తుంది. తెలుగు పేరుకు అలాంటి స్థిరమైన హీబ్రూ స్పెల్లింగ్ లేదు. ‘కవిత’ అనే పేరే తీసుకోండి. క అంటే కఫ్ లేదా ఖొఫ్, వి అంటే బేత్ లేదా వావ్, దాని మీద ఒక యోద్, త అంటే తేత్ లేదా తౌ, చివరి ‘అ’కు ఆలెఫ్ లేదా హే. అంటే 16 రకాలుగా రాయొచ్చు, మొత్తం 42 నుంచి 521 దాకా మారుతుంది. డబ్బు తీసుకుని వీటిలో ఒకటి మాత్రమే చెప్పేవాళ్లను, మిగతా పదిహేనూ ఎందుకు వదిలేశారో అడగండి.